వల్లె సూది

పసిపిల్లలకి మొదటి సూది వేసిన నెలకో రెండు నెలలకో మళ్లీ వేసేదాన్ని మా ఆఫీసులో రెండో డోసు అనేవారు. ఇంకాస్త పెద్దయ్యాక వేసేదాన్ని బూస్టరు అనేవారు. నేను మాత్రం ఉద్యోగం చేసినంత కాలం అన్నిటినీ వల్లె సూది అనే అన్నాను. ఒకసారి మీటింగులో జిల్లా నుంచి వచ్చిన పెద్ద డాక్టరుగారు చెవి ఇటు పెట్టి, "వల్లె సూదా? ఏ కంపెనీదమ్మా అది?" అని అడిగారు. హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ కంపెనీ పేరు చెప్పాలంటే పెద్ద కథే ఉంది. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అడుగుతుంటారు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

మాది రాజోలు వైపు. మా తాత పొలం కూలి, మా నాన్న మిషను బడిలో మేష్టారు, నేను నర్సమ్మని. డెబ్బైలు వెళ్లి ఎనభైలు వచ్చే రోజుల్లో నన్ను కొత్తపేట వైపు వేశారు. పలివెల దాటి కాలవ గట్టున కొంత దూరం నడిస్తే వచ్చే ఊరు. పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు నన్ను చూస్తే ఇప్పటికీ నవ్వుతారు. ఆ రోజుల్లో మా దగ్గర ఉన్న ప్రధానమైన సూది మూడు జబ్బులకి కలిపి వేసేది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం. అది నెల నెల ఎడంతో మూడుసార్లు పడాలి. ఐసు వేసిన ఫ్లాస్కులో మందు పెట్టుకుని, ఐసు కరిగేలోగా ఊరు చుట్టి రావాలి. ఫ్లాస్కు చూసి పిల్లలు పుల్ల ఐసు అనుకుని వెంటపడేవారు. దగ్గరికొచ్చాక మొహాలు చూడాలి!

నాతోపాటు పనిచేసే హెల్త్ అసిస్టెంటుగారు నాకంటే వయసులో చాలా పెద్ద. మంచి మనిషి, కష్టపడే మనిషి, కానీ పౌరాణిక నాటకాల పిచ్చి. రాజు వేషాలు వేసీ వేసీ మామూలు తెలుగు మర్చిపోయారు. ఆశీలు గుమాస్తాతో కూడా "విచ్చేసితిరా?" అనేవారు. గోడల మీద రాసే ప్రకటనలన్నీ ఆయనవే.

ఊరంతా ఎలాగోలా దారికొచ్చింది గానీ, వేదపండితుల ఇళ్లున్న ఒక వీధి మాత్రం రాలేదు. వాళ్లేమీ మొండివాళ్లు కారు. "అమ్మవారే దేశం వదిలిపోయిందంటున్నారు కదమ్మా, ఇంక టీకాలెందుకూ?" అని మర్యాదగా అడిగేవారు. మసూచి పోయిన మాట నిజమే కాబట్టి నాకు వెంటనే జవాబు తోచేది కాదు. అందుకని మా అసిస్టెంటుగారు ఆ వీధి కోసం ప్రత్యేకంగా ఒక ప్రకటన రాసి, వీధి మొదట్లో సత్రం గోడకి అంటించారు. "రక్షాటీకా సభ. శనివారం ఉదయం. పెద్దలు, పండితులు విచ్చేసి శ్రద్ధతో స్వీకరింప ప్రార్థన."

శనివారం ఉదయం నేను ఫ్లాస్కు పట్టుకుని సత్రంలోకి అడుగుపెట్టేసరికి, చాపల మీద వీధిలోని పెద్దలంతా పట్టుపంచెలు కట్టి, విభూతి పెట్టి, చెంబులతో మంచినీళ్లు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. ఒక్క పసిపిల్ల లేదు. మధ్యలో ఘనపాఠిగారు. వేదం కంఠస్థం చేసి, ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పగలిగినవారిని అలా అంటారు. ఆ వీధికి పెద్ద ఆయనే. నన్నూ, నా చేతిలో ఫ్లాస్కునీ చూసి, మా అసిస్టెంటుగారి వైపు తిరిగారు.

"టీక అన్నారు. ఏ గ్రంథానికండీ? కర్త ఎవరు?"

పండితుల భాషలో టీక అంటే గ్రంథానికి రాసే వ్యాఖ్యానం. ఆ సంగతి మా రాజుగారికి అప్పుడు గుర్తొచ్చింది. "అంటే... కర్త... ప్రభుత్వం వారండీ" అన్నారు.

"ప్రభుత్వం వారు టీకలు కూడా రాస్తున్నారా!" అన్నారు వెనకనుంచి ఒక పెద్దాయన ఆశ్చర్యంగా.

ఇంక లాభం లేదని నేనే అందుకున్నాను. "ఆయ్, ఒంటికండీ టీక. పిల్లల ఒంటికి. జబ్బొస్తే దాన్ని ఎలా ఎదుర్కోవాలో ఒంటికి ముందుగా అర్థం చెప్పడవండీ."

ఘనపాఠిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వితే వీధంతా నవ్వినట్టే. "శరీరానికి టీక! బావుందమ్మాయ్. వచ్చినవాళ్లం ఉత్తినే పోవడం ఎందుకు? మా మనవడితో మొదలెట్టు" అన్నారు. బయటికొచ్చాక నేను అసిస్టెంటుగారిని నిలదీశాను. "పిల్లలు అన్న మాట ఎక్కడండీ ప్రకటనలో?" ఆయన చాలా బాధగా, "వేసేనండీ సిస్టరుగారూ. వేస్తే వాక్యం బరువు తగ్గిపోయింది" అన్నారు.

ఘనపాఠిగారింట్లో మనవడు బొద్దుగా, తెల్లగా, నాలుగు నెలలవాడు. వాడి నాయనమ్మని వీధంతా మామ్మగారు అనేది. పొట్టి మనిషి, మొహం నిండా పాత మసూచి మచ్చలు, కళ్లు మాత్రం ఎదటివాళ్లని తూకం వేస్తున్నట్టుండేవి. సూది వేశాను. మా అసిస్టెంటుగారు అలవాటు ప్రకారం, "చీమ కుట్టినట్టుంటుంది, అంతేనండీ, మరేం ఉండదు" అని చెప్పేశారు. నేను గడప దిగి వీధిలోకి వచ్చి వెనక్కి చూస్తే, నూతి దగ్గర ఇత్తడి బకెట్టుతో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. మామ్మగారు పిల్లాడికి తలమీంచి స్నానం చేయిస్తున్నారు. నా చెయ్యి తగిలినందుకో, సూది మైల అనో, రెండూనో, నేను అడగలేదు. ఆ రోజుల్లో మేం అడిగేవాళ్లం కాదు. మనసు మాత్రం చివుక్కుమంది.

ఆ సాయంత్రమే పిల్లాడికి జ్వరం వచ్చింది. ఆ సూదికి జ్వరం రావడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గింది కూడా. కానీ చీమ కుట్టినట్టుంటుందని చెప్పిన చోట జ్వరం వస్తే ఏమవుతుందో అదే అయింది. మామ్మగారు వీధి మధ్యలో నిలబడి, "చల్లటి పిల్లాణ్ణి కుంపటి చేసి పోయిందమ్మా ఆ నర్సమ్మ!" అన్నారట. మర్నాడు నేను వెళ్తే ఒక్కొక్క తలుపే మూసుకుంది. నెల తిరిగింది. రెండో సూదికి మనవణ్ణి తేలేదు, మొదటి సూదికి ఇంకొక్కరూ రాలేదు.

మామూలుగా అయితే నేనూ ఇంకో నెల చూద్దామనుకునేదాన్నే. కానీ అదే సమయానికి కాలవ అవతల ఊళ్లో కోరింత దగ్గు మొదలైంది. ఈ తరం అమ్మాయిలు మీరు చాలామంది దాన్ని చూసి ఉండరు. పిల్లలు దగ్గీ దగ్గీ ఊపిరి అందక నీలం తిరుగుతారు. పెద్దపిల్లలు ఎలాగో నెగ్గుకొస్తారు. ఏడాది నిండని పిల్లలకి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఆ దగ్గుకి బల్లకట్టు ఎక్కి ఇవతలికి రావడం ఎంత సేపు? ఘనపాఠిగారి మనవడికి ఒక్క సూదే పడింది, అది చాలదు. ఇంకా ఆ వీధిలో పాలు తాగే పిల్లలు ఉన్నారు, వాళ్లకి అదీ లేదు. నాకు అన్నం సహించేది కాదు.

ఘనపాఠిగారితో మాట్లాడదామని ఒక ఉదయం ఆయన ఇంటికి వెళ్లాను. తలుపు సగమే తీసి మామ్మగారు, "ఆయన సంతలో ఉన్నారు. ఇప్పట్లో తెవలదు" అని మళ్లీ వేసేశారు. సంత అంటే నాకు తెలిసింది వారపు సంత. ఆ రోజు పక్క ఊళ్లో సంతే. మా అసిస్టెంటుగారిని వెంటేసుకుని ఎండలో వెళ్లి, వంకాయల దగ్గరనుంచి తట్టలూ బుట్టల దాకా సంతంతా గాలించాను. చివరికి ఎండుచేపల వరసలోకి తిరుగుతుంటే అసిస్టెంటుగారు నా కొంగు పట్టుకుని ఆపినంత పని చేశారు.

"సిస్టరుగారూ! ఘనపాఠిగారు ఎండుచేపల దగ్గరుంటారా అండీ? ఎవరైనా వింటే మనల్ని ఊళ్లోంచి వెళ్లగొడతారు!"

అప్పుడు ఆయనే నుదురు కొట్టుకున్నారు. వేదం చెప్పే ఇళ్లల్లో సంత అంటే పాఠం. గురువు ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు చెప్పాలి, ఆ పద్ధతిని సంత అంటారు. ఆయన ఇంట్లోనే, వెనక అరుగుమీద, పిల్లలకి పాఠం చెప్పుకుంటున్నారు. నా మాట వాళ్లకి అర్థం కాలేదని అంత నవ్వుకున్నానా? వాళ్ల మాట నాకు అర్థం కాక ఎండుచేపల దాకా వెళ్లాను. లెక్క సరిపోయింది.

మర్నాడు పెరటి దారిన వెళ్లి అరుగు కింద నిలబడ్డాను. శిష్యులు గొంతెత్తి చెబుతున్నారు. ఎక్కడ తడబడితే అక్కడ ఆపి, మళ్లీ మళ్లీ చెప్పిస్తున్నారు. మొహాలు ఎర్రబడ్డాయి, చెమటలు పట్టాయి. పాఠం అయ్యాక ఆయన నన్ను చూసి, "ఏవమ్మాయ్, నిన్న సంతంతా వెతికేవట!" అన్నారు. ఊళ్లో వార్త మా కంటే ముందే ఇల్లు చేరింది. శిష్యులు విరగబడి నవ్వారు. నవ్వులో కొంచెం ధైర్యం వచ్చింది నాకు.

"నిన్న చెప్పిందే ఇవాళ మళ్లీ చెప్పిస్తున్నారెందుకండీ?"

"వల్లె వెయ్యకపోతే నిలవదమ్మా. సంత ఒక్కసారి విన్నంత మాత్రాన పాఠం వచ్చేస్తే, ఇంతమంది ఘనపాఠులు అయిపోరూ?"

"మరి మొదట్లో కష్టంగా ఉండదాండీ పిల్లలకి?"

"ఎందుకుండదూ! నాకైతే మొదలెట్టిన రోజునే జ్వరం తగిలింది. మా నాన్నగారు తగ్గేదాకా ఆగి, మళ్లీ కూచోబెట్టి వల్లె వేయించేరు. జ్వరం వచ్చిందని అప్పుడే మానిపించి ఉంటే..." అంటూ ఆయన ఆగిపోయారు. నా మొహం కేసి చూశారు. నెమ్మదిగా నవ్వు మొదలైంది. "గడుసుదానివే! అయితే మావాడి జ్వరం..."

"ఆయ్. పాఠం చదువుకున్న జ్వరవండీ అది. ఆ సూదిలో దగ్గు పురుగులుంటాయి, కానీ చచ్చినవి. వాటిని చూపించి, ఇదిగో వీళ్లే దొంగలు అని ఒంటికి గుర్తు చెబుతాం. ఒక్కసారి చూపిస్తే ఒళ్లు సగమే నేర్చుకుంటుంది. వల్లె పడితేనే నిలుస్తుందండీ."

ఆయన కళ్లు చిట్లించారు. "మాకు జ్ఞాపకం బుర్రలో ఉంటుంది. ఒంటికి ఎక్కడుంటుంది?"

ట్రైనింగులో చదివింది గుర్తు తెచ్చుకున్నాను. "కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కడుతుంది చూడండి. అక్కడా, చంకల్లో, మెడకిందా గ్రంథులుంటాయండీ. నెత్తుట్లో ఉండే తెల్లకణాలు వచ్చి అక్కడ చేరతాయి. ఒకసారి చూసిన పురుగుని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేవి వాటిలో కొన్ని ఉంటాయి."

"గ్రంథులా!" ఆయన తొడ మీద చరుచుకున్నారు. "గ్రంథి అన్నా గ్రంథం అన్నా కట్టినదనేనమ్మా అర్థం. తాటాకులు బొత్తిగా కడితే గ్రంథం. అయితే ఒంట్లోనూ పుస్తకాలున్నాయన్నమాట! నువ్వు ఆ రోజు శరీరానికి టీక అన్నది ఊరికే కాదు." ఆయన సంతోషం చూస్తే నాకు గెలిచినట్టే అనిపించింది. ఆయన వెంటనే గొంతు తగ్గించి, "నాకు ఒప్పుదలే. కానీ ఈ ఇంట్లో చట్టం ఆవిడది" అన్నారు.

ఆ చట్టం తలుపు వెనకే నిలబడి అంతా వింటోంది. "వేదానికీ సూదికీ ముడెట్టకండి" అంటూ మామ్మగారు బయటికి వచ్చారు. చంకలో మనవడు. "పాఠం రాకపోతే మొట్టికాయ పడుతుంది. జ్వరం తగ్గకపోతే పిల్లాడు పోతాడు."

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? అప్పుడు ఆ వీధి ఆడవాళ్లు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. పూర్వం అక్కడ మసూచి వచ్చినప్పుడల్లా, ఎవరూ అడుగుపెట్టని ఇళ్లకి ఈవిడే వెళ్లి సేవలు చేసేవారట.

"మామ్మగారూ, అమ్మవారు పోసినిళ్లకి మీరే వెళ్లేవారట కదండీ. మీకు భయం వెయ్యలేదాండీ?"

"నాకెందుకూ భయం? చిన్నప్పుడే పోసిందిగా. ఒకసారి పోసినవాళ్లకి మళ్లీ పొయ్యదు."

"ఎందుకు పొయ్యదండీ?"

"ఎందుకంటే ఏం చెప్పనే? లోకమెరిగిన మాట."

"మీ ఒంటికి గుర్తుందండీ, అందుకు. అమ్మవారిని ఒకసారి చూసింది, మర్చిపోలేదు."

మామ్మగారి చెయ్యి తనకి తెలియకుండానే చెంప మీది మచ్చల మీదికి వెళ్లింది. "నాకూ మా చెల్లికీ ఒక్కసారే పోసింది. నేనొక్కత్తెనే మిగిలేను" అన్నారు. ఆ మాట నేను జీవితంలో మర్చిపోను.

"బాబుకి అంత కష్టం పడకుండానే నేర్పిద్దామండీ" అన్నాను.

"ఈసారీ జ్వరం వస్తుందా?"

మా అసిస్టెంటుగారు ఉండి ఉంటే చీమ కుట్టినట్టు అనేవారు. "వస్తుందండీ" అన్నాను. "రాదని చెప్పను. మధ్యాహ్నానికి మొదలవుతుంది, రేపు పొద్దుటికి దిగుతుంది. బిళ్ల ఇస్తాను, తడిగుడ్డతో ఎలా తుడవాలో చూపిస్తాను."

ఆవిడ నన్ను మళ్లీ తూకం వేశారు. "అయితే వెయ్యి. కానీ నువ్వు చీకటి పడేదాకా నా అరుగుమీంచి కదలడానికి వీల్లేదు. రేపు పొద్దుటికి దిగలేదో, ఇంక ఈ వీధి మొహం చూడకు."

మధ్యాహ్నానికి, చెప్పినట్టే, పిల్లాడి ఒళ్లు వెచ్చబడింది. వీధిలో ప్రతి తలుపూ కొంచెం తెరుచుకుంది. ఎవరో ఒకరు పనిలేని పని పెట్టుకుని అటూ ఇటూ పోతున్నారు, అరుగుమీది నన్ను చూసి పోతున్నారు. పిల్లాడు లోపల కేర్‌మన్నప్పుడల్లా నేను సగం లేచి మళ్లీ కూర్చునేదాన్ని. ఘనపాఠిగారు మాత్రం అరుగు చివర కూర్చుని, దారిన పోయే ప్రతివాళ్లకీ, "మావాడు వల్లె వేస్తున్నాడండీ. గొంతు గట్టిదే!" అని చెబుతున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మామ్మగారు అరటాకులో మజ్జిగన్నం, మాగాయ ముక్క తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయారు. దీపాలు పెట్టే వేళకి ఇంక ఇంటికి వెళ్లమన్నారు. వెళ్లానన్న మాటే గానీ నిద్ర ఎక్కడిది? మా అమ్మ నేర్పిన ప్రార్థనలన్నీ ఆ రాత్రి అయిపోయాయి.

తెల్లారేసరికి ఆ వీధిలో ఉన్నాను. మామ్మగారు అరుగుమీదే కూర్చుని ఉన్నారు. ఒళ్లో మనవడు ఆవిడ మెళ్లో గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. నన్ను చూసి బోసినోటితో నవ్వాడు. ఆవిడ ఎదురింటి వైపు తిరిగి గొంతెత్తారు.

"ఏవే కోడలుపిల్లా, నీ కూతుర్ని తీసుకురా. జ్వరం వస్తుందిట. రానీ, చదువుకుంటున్నట్టు. తగ్గిపోతుంది."

నేను ఏడాదిపాటు చెప్పలేకపోయింది ఆవిడ మూడు ముక్కల్లో చెప్పేశారు. మీరు గుర్తుపెట్టుకోవలసింది అదే. జ్వరం వస్తుందని ముందు చెప్పండి, తగ్గుతుందని తర్వాత చెప్పండి. తగ్గేదాకా కనిపిస్తూ ఉండండి. ఆ వారంలో వీధిలో పసిపిల్లలందరికీ సూదులు పడ్డాయి. మా అసిస్టెంటుగారు ఆనందం పట్టలేక ఇంకో ప్రకటన రాస్తానన్నారు. చేతులెత్తి దండం పెట్టి ఆపాను.

కోరింత దగ్గు కాలవ దాటనే దాటింది. కొద్ది రోజులకి ఘనపాఠిగారి శిష్యుల్లోనే ఇద్దరికి పట్టుకుంది. వేద పాఠం ఆగిపోయి అరుగుమీద దగ్గు ఒక్కటే వినిపించేది. నేను రోజూ భయపడుతూ వెళ్లేదాన్ని. మనవడు కూడా దగ్గాడు. మామూలు దగ్గు, నాలుగు రోజులు. నీలం తిరగలేదు, కోరింత కూత పెట్టలేదు, పాలు మానలేదు. వాడి ఒంట్లో గ్రంథం ఎక్కడో తెరుచుకుంది, చదివిన పాఠం గుర్తొచ్చింది. సూది పడిన పిల్లలెవరికీ ప్రాణం మీదికి రాలేదు. నేను సత్రం వెనక్కి వెళ్లి, ఎవరూ చూడకుండా, హాయిగా ఏడ్చాను.

మూడో సూది రోజున ఘనపాఠిగారింటికి వెళ్లాను. మామ్మగారు మనవణ్ణి తనే తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టారు. సూది వేసి, వాడు ఏడుపు మానేదాకా భుజాన వేసుకుని తిప్పి, తిరిగి ఇచ్చాను. లేచి వెళ్లబోతూ నూతి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఇత్తడి బకెట్టు నిండా నీళ్లు, పక్కన చెంబు. నా మొహంలో ఏం కనిపించిందో గానీ మామ్మగారు గమనించారు.

"ఏవిటలా చూస్తావూ? ఆ నీళ్లు నీకే" అన్నారు. "కాళ్లు కడుక్కుని లోపలికి రా. అన్నం వడ్డించేను."